మెరక

ఎర్రనీళ్ళు వచ్చిన రెండో రోజు
షాపులో నేనూ, జెరాక్సు మిషనూ,
గోడ మీద కిందటేటి నీటి గీత.
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చేశారంట.
ముమ్మిడివరం సెంటర్లో ఆటోలన్నీ
తలొంచుకుని నిలబడ్డాయి.

అబ్షాలోము పెన్‌డ్రైవ్ తెచ్చాడు,
"పార్కు కట్టుకోండి మేడమ్, పొద్దే తెలీదు" అని.
ఇంటర్ తప్పిన కుర్రాడు
ఆ మధ్యాహ్నం నాకు గురువయ్యాడు.

తెర నిండా పచ్చటి బయలు.
ఒక గేటు. చేతిలో పదివేలు, అదీ అప్పు.
అప్పు లేకుండా మొదలయ్యేది
ఆటలో కూడా లేదన్నమాట.

నేను ముందు మెరక తోలాను.
కట్టడమంటే మనకి అక్కడే కదా మొదలు.
కిందటి వరద ఏ మెట్టు దాకా వచ్చిందో
చూసుకున్నాక గానీ ముగ్గు పొయ్యం.
మౌసు పట్టుకు లాగి
నేలని మోకాలెత్తు లేపాను,
చుట్టూ బోదె తవ్వాను, బోదెకి తూము.
సగం డబ్బు మట్టికే పోయింది.

అబ్షాలోము నవ్వాడు.
"ఇక్కడ వానే గానీ వరద రాదండి."

వరద రాని నేల!
కాసేపు మౌసు వదిలేసి దాన్నే చూశాను.

తర్వాత అన్నీ తప్పులే.
రంగులరాట్నం పెట్టి దారి వెయ్యడం మర్చిపోయాను.
దారి వేసి, ఒక్క గడి ఇవతలే ఆపేశాను.
ఆ చివర జనం గుంపుగా నిలబడి
నా వైపే చూస్తున్నారు,
పంటు రాని రేవులో లాగ.
గిరగిర తిప్పేది ఒకటి కట్టి
పక్కనే బజ్జీల కొట్టు పెట్టాను.
తిన్నవాళ్ళు ఎక్కారు. ఎక్కినవాళ్ళు కక్కారు.
తుడిచే మనిషిని పెట్టుకోవాలని తట్టలేదు నాకు,
పదేళ్ళుగా ఈ షాపు నేనే ఊడుస్తున్నాను గనక.

బొమ్మ మనిషి మీద నొక్కితే
మనసులో మాట కనపడుతుంది.
(ఇంగ్లీషే. అబ్షాలోము చదివి చెప్పాడు.)
"దాహంగా ఉంది."
"ఈ రాట్నం టిక్కెట్టు దండగ."
"దారి తెలియడం లేదు."
ఎంత హాయి, అడక్కుండానే చెప్పేస్తున్నారు.
కౌంటరు అవతల లంక మనిషి
నష్టం ఫారంలో ఎన్ని గెలలని రాయాలో తేలక
పెన్ను పట్టుకుని ఆగిపోతే
ఎక్కడ నొక్కి తెలుసుకోను?

నాలుగో రోజుకి పార్కు ఓ దారిన పడింది.
బల్లలు వేశాను. తుడిచేవాళ్ళు ఇద్దరు.
మరుగుదొడ్లకి డబ్బులు పెట్టలేదు,
నష్టమండీ అన్నాడు వాడు. ఉండనీ అన్నాను.
గట్టు మీద మూడు రాత్రులు గడిపిన ఆడది
ఆ లెక్క వేరేగా వేస్తుంది.

అప్పుడు చెప్పాడు, మనుషులకి పేర్లు కూడా మార్చొచ్చని.
పసుపు చొక్కా ఆవిడకి నా పేరు పెట్టాను: ధనకుమారి.
గేటు దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది.
చేతిలో నలభై.
మనసులో మాట: "ఇంటికెళ్ళిపోవాలనుంది."
ఛీ, అచ్చం నాలాగే.

కాచుకుని కూర్చున్నాను.
తెరలో దీపాలు వెలిగాయి. ఆవిడ లేచింది.
వరసలో నిలబడింది. జెయింట్ వీల్ ఎక్కింది.
పైకి, నా మెరక అంచు దాటి పైకి,
బోదె, తూము, నీళ్ళే రాని ఆ పచ్చిక అంతా
అరచెయ్యంత అయ్యేదాకా పైకి

కరెంటు పోయింది.
యూపీఎస్ మూడు కూతలు కూసి చచ్చింది.

"సేవ్ చేశారా మేడమ్?"
మొదట నేర్పాల్సింది ఆఖర్న అడిగాడు.
టీకి వెళ్ళేముందు వాడొకసారి చేశాడంట, అదే దిక్కు.

మర్నాడు తెరిస్తే ఆవిడ బల్ల మీదే ఉంది.
చేతిలో నలభై చెక్కుచెదరలేదు.
జెయింట్ వీల్ ఎక్కిన సంగతి
నాకు తప్ప ఎవరికీ తెలీదు.

బయట నీళ్ళు ఒక మెట్టు దిగాయి.
లంక మనిషి మళ్ళీ వచ్చింది, తడిసిన ఫారంతో.
"కూర్చోండి" అని
నా స్టూలు ఇటు జరిపాను.